మాట్లాడే చోటు ఎవరి చేతిలో ఉంది?

ఊరి నడుమ నలుగురూ కూర్చుని మంచీచెడూ తేల్చుకునే చోటును రచ్చబండ అంటాం. దేశం విడిచిపోయిన తెలుగువాళ్లు ఇంటర్నెట్ కొత్త రోజుల్లో నడుపుకున్న ఒక చర్చావేదికకు కూడా ఇదే పేరు పెట్టుకున్నారు. యాహూ గ్రూప్స్‌లో అది నడిచింది. ఒకరు ఒక సంగతి ఎత్తితే దానిమీదనే మిగతావాళ్లు జవాబు రాసేవారు. ఆలస్యంగా వచ్చినవాడు కూడా మొదటినుంచి చదివి తన మాట కలపవచ్చు. అక్కడ కూలిజనం లేరు, చదువుకున్నవాళ్లే ఉన్నారు. అయినా పద్ధతి మంచిది. 2020 డిసెంబరులో యాహూ కంపెనీ ఆ గ్రూపులన్నిటినీ మూసేసింది. అప్పటికే జనం ఫేస్‌బుక్, వాట్సాప్ బాట పట్టారు.

జనానికి ఓపిక తగ్గిందని కొందరంటారు. మేము ఒప్పుకోం. అసలు సంగతి యాజమాన్యానిది. నేడు మెటా అనే పేరున్న ఫేస్‌బుక్ కంపెనీ 2014లో వాట్సాప్‌ను కూడా కొన్నది. ఫేస్‌బుక్ రాబడి ప్రకటనల మీద. మనం ఎంతసేపు చూస్తే దానికంత లాభం. నిదానంగా తేలే చర్చ కన్నా తగాదాయే దానికి గిట్టుబాటు. వాట్సాప్‌లో 2018 నుంచి అడ్మిన్లు మాత్రమే రాసే ఏర్పాటు కూడా వచ్చింది. వాళ్లు చెప్పుడు, మనం వినుడు! గడీ ముందర చేతులు కట్టుకుని నిలబడ్డ కాలానికీ దీనికీ తేడా ఎంత?

దీనితో కూలోళ్లకేం పని అనుకోవద్దు. మన మర్రిగూడ మండలాన్నే చూడండి. 2015 జూన్‌లో శివన్నగూడెం వద్ద డిండి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ఈ గడ్డకు కృష్ణా నీళ్లు రావాల్సిందే. కానీ రిజర్వాయరు కింద భూమి పోతే, పట్టా లేని కూలి కుటుంబం గతేమిటి? భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పనిచేసి బతికిన కూలి కుటుంబం కూడా బాధిత కుటుంబమేనని 2013 భూసేకరణ చట్టం చెబుతున్నది. ఈ సంగతి తెలిసిన కూలోళ్లు ఎందరు? పేరు జాబితాలోకి ఎక్కాలంటే సభలో లేచి చెప్పాలి, చెప్పింది కాగితం మీద పడాలి. పొద్దున గ్రూపులో పెట్టుకున్న మొర పొద్దుగూకే సరికి పండుగ శుభాకాంక్షల కింద పడి కనపడకుండా పోతుంది. పెద్ద ఫోను లేని ఆడకూలీల మాటయితే అందులోకి రానే రాదు.

రెండు నెలలకొకసారైనా గ్రామసభ పెట్టాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం అంటున్నది. యాహూ మూసినట్లు దీన్ని ఏ కంపెనీ మూయలేదు. మనం పోకపోతే మాత్రం అది సంతకాల తంతుగా మిగులుతుంది.

ఫోను పారేయమని మేము అనడం లేదు. చాటింపుకు అది బాగానే పనికొస్తుంది. కానీ కూలి అన్నలారా, అక్కలారా! గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఇంట్లో కూర్చుంటే హక్కు రాదు. సభకు గుంపుగా కదలండి. అడగాల్సింది అక్కడే అడగండి. మనం అన్నమాట తీర్మానాల పుస్తకంలో ఎక్కిందా లేదా చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.