దున్నేవాడెవడు?

‘దున్నేవాడికే భూమి’ అన్న నినాదాన్ని రాజోలులో చిన్నప్పుడే విన్నాను. మా తాత జీవితమంతా పరాయి చేలో అరక దున్నాడు. అయినా ఊరి లెక్కలో ఆయన దున్నేవాడు కాడు, పాలేరు. మరి ఆ నినాదంలోని ‘వాడు’ ఎవరన్న సందేహం నన్ను ఇప్పటికీ వదలలేదు.

రష్యా విప్లవమనగానే మనకు అక్టోబరు, లెనిన్ గుర్తుకొస్తారు. అంతకు ముందు నెలల్లో పల్లెలు ఏమి కోరాయో తక్కువగా చెప్పుకుంటాం. జారు పతనమయ్యాక రైతులు తమ ప్రతినిధులకు విన్నపాలు కాదు, ఆదేశపత్రాలే రాసిచ్చారు. అలాంటి 242 పత్రాలను క్రోడీకరించి 1917 ఆగస్టులో రైతు ప్రతినిధుల పత్రిక ప్రచురించింది. భూమిపై సొంత ఆస్తి రద్దు కావాలి. స్వయంగా శ్రమించి సాగుచేయదలచిన ప్రతి పౌరునికీ, స్త్రీపురుష భేదం లేకుండా, భూమిని వాడుకునే హక్కు ఉండాలి. కూలి పెట్టి సేద్యం చేయించడం కూడదు. బోల్షివిక్కులు గద్దెనెక్కగానే వెలువరించిన భూమి డిక్రీలో ఈ పత్రాన్నే చేర్చారు. ఇది సోషలిస్టు రివల్యూషనరీల రచన కదా అని సభలో అడిగితే, అయితేనేమన్నాడు లెనిన్. (ఆ భూమిని సమష్టి క్షేత్రాల పేరిట ప్రభుత్వమే మళ్లీ లాక్కోవడం తర్వాతి విషాదం.)

ఇక 1956 నాటి మన ఆంధ్ర కౌలుదారీ చట్టం చూడండి. తానుగానీ, కుటుంబంగానీ, తన అజమాయిషీలో కూలివాళ్లుగానీ సాగుచేస్తే అతడు కౌలుదారే. అంటే గట్టున గొడుగు పట్టి నిలబడినవాడు సేద్యగాడు, బురదలో దిగినవాడు ఆ వాక్యంలో పనిముట్టు. కోనసీమ కౌలురైతు కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అప్పు పుట్టక, పంట మునిగి అతడు పడే బాధ కళ్లెదుటిదే. కానీ గట్టుకూ బురదకూ మధ్య ఉన్నది కులమని ఇక్కడివారికి వేరే చెప్పాలా?

అంబేడ్కర్‌కు ఆ తేడా తెలుసు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలనీ, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే ముగ్గురూ మిగలని విధంగా కులమత భేదం లేకుండా గ్రామస్థులకు భూమి పంచాలనీ కోరారు. అదీ రాజ్యాంగంలోనే రాయాలన్నారు. ఆయన పేరు మా జిల్లాకు పెట్టబోతే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలిచింది, సంతోషమే. ఒక్క పేరుకే అంత మంట పుట్టినచోట ఆయన భూమి డిమాండును ఎత్తితే ఏమయ్యేదో!

ఎత్తకపోవడంలో మా తప్పూ ఉంది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరును చదివించి అధికారిని చేశారు. మాలో కొందరం ఆ దారినే బయటపడ్డాం. బయటపడ్డాక భూమిని అడగడం మానేశాం. మా పేటలో స్త్రీలు నేటికీ నాట్లకు వెళ్తున్నారు. వారి పేరిట కౌలు కార్డు, లంక భూముల్లో వాటా, కూలి సంఘానికి ఉమ్మడి సాగు హక్కు కావాలని కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ పేటకాపేట రాసివ్వవచ్చు. ఆ కాగితం మా పేటలో ఇంకా ఎవరూ రాయలేదు.