కంచే చేను మేసినప్పుడు



చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తి, మిరప వేసేవారికి కంచె సంగతి మేము చెప్పనక్కరలేదు. కాపాడవలసిన కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాము? కొందరి శరీరంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. రోగక్రిములతో పోరాడవలసిన శక్తి దారితప్పి సొంత అవయవాల మీదనే పడుతుంది. మెదడులోను, వెన్నుపాములోను నరాలకు కరెంటు తీగ మీది తొడుగు వంటి పొర ఉంటుంది. దానిని పాడుచేస్తే వచ్చేది మల్టిపుల్ స్క్లిరోసిస్, క్లుప్తంగా ఎం.ఎస్. ఐరోపాలో ఉన్నంతగా మన దేశంలో లేదు గనుక చాలామంది దీని పేరైనా వినలేదు. ఆ శక్తే గొంతు ముందున్న థైరాయిడ్ గ్రంథిని మెల్లగా తినివేస్తే, దానిని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హషిమోటో పేరుతో పిలుస్తారు.

ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును. చిక్కంతా ఇక్కడే. ఎం.ఎస్.లో నీరసము, థైరాయిడ్ మందగించినా నీరసమే. దిగులు, మలబద్ధకము, మతిమరుపు రెండింటిలోను కనబడతాయి. కనుక ఏ కొత్త బాధ వచ్చినా "ఆ జబ్బే గదా" అని ఇంట్లోవారు ఊరకుంటారు. గృహదర్శనాలలో మేము ఇంకొక మాట కూడా విన్నాము: "మా కోడలికి ఒళ్లు బద్ధకమండీ." ఆ పిల్ల తలవంచుకుని వింటూ ఉంటుంది. ఎం.ఎస్.ను పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. థైరాయిడ్ తక్కువైతే మాత్రం రోజుకొక చిన్న మాత్ర చాలు. సరిచేయగలిగిన బాధను సరిచేయలేని బాధ లెక్కలో వేసి వదిలేయడము ఎంత అన్యాయము!

ఎం.ఎస్. ఉన్నవారికి ఎండ పడదు. మే నెల వేడికి చూపు మసకబారి, కాళ్లు తేలిపోయి, చల్లబడ్డాక తేరుకుంటారు. థైరాయిడ్ తగ్గినవారికి చలి పడదు. అందరూ ఫ్యాను కింద కూర్చుంటే వారు దుప్పటి వెదుకుతారు. అయితే ఈ గురుతులతో తేల్చుకోకూడదు, టీ.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చేయించవలెను. దానికి గుంటూరు దాకా పోనక్కరలేదు, రక్తము పేటలోనే ఇవ్వవచ్చును.

మందుల సంగతి కూడా ఉన్నది. ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్ఫెరాన్ సూదులు కొందరిలో థైరాయిడ్‌ను కదిలిస్తాయి. ఆలెంటుజుమాబ్ అనే మందు విషయములో ఇది మరీ ఎక్కువ. 1999లో కేంబ్రిడ్జి వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, అది తీసుకున్న 27 మందిలో 9 మందికి థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు వచ్చింది. అందుకే ఆ మందు వాడినవారు చివరి మోతాదు తరువాత కూడా 4 సంవత్సరాలపాటు 3 నెలలకొకసారి పరీక్ష చేయించుకోవలెను. నరాల బలానికని బయోటిన్ ఎక్కువ మోతాదులో మింగేవారు ఆ సంగతి పరీక్షకు ముందే డాక్టరుగారికి చెప్పాలి. అది రక్తములో ఉంటే థైరాయిడ్ లెక్కలు తప్పుగా రావచ్చును.

ఇక మాత్ర రాసిస్తే పరగడుపున, కాఫీకి అరగంట, గంట ముందు, మంచినీళ్లతో వేసుకోవలెను. ఐరన్, కాల్షియం మాత్రలు ఉంటే వాటిని 4 గంటలు ఆగి వేసుకోవాలి. ఒంట్లో బాగున్నదిగదా అని మీ అంతట మీరు మానకండి.