పొడిగా ఉంచండి, బయటకు పంపండి

ఈ సంక్రాంతి సంచిక మీ చేతికి అందేసరికి ఒంటారియోలో చలికాలం సగం కూడా గడిచి ఉండదు. ముగ్గుల పోటీ హాల్లో పెట్టుకుంటాం, భోగిపళ్లు హాల్లోనే పోసుకుంటాం, గాలిపటాల మాట ఎత్తం. మనకది అలవాటైపోయింది. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు మాత్రం జనవరి అంటే బడి వెనక మైదానం. మంచు పడుతున్నా రిసెస్‌కి వాళ్లను బయటకే పంపుతారు. అందుకే ఈసారి సంపాదకీయం వాళ్ల బట్టల గురించి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మన ఇళ్లలో పొద్దుటి గొడవల్లో సగం దీని మీదే.

చలి అనగానే మనకు తోచేది కప్పడం. మంకీ క్యాపు, చెవులకు మఫ్లరు, స్వెటర్ మీద స్వెటరు. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో పెరిగినవాళ్లకు నిజమైన చలే తెలుసు. మిగతా అందరికీ డిసెంబరులో రోడ్డు పక్క టిబెటన్ల దగ్గర కొన్న స్వెటరు సరిపోయేది. తెల్లవారుజామున వణికి, ఎండెక్కగానే విప్పి నడుముకు కట్టుకునేవాళ్లం. ఆ చలిలో ముడుచుకుని కూర్చున్నాం కాబట్టి ఎంత మందంగా కప్పితే అంత హాయిగా ఉండేది. ఇక్కడి పిల్లలు చలిలో కూర్చోరు. పరిగెత్తుతారు, మంచులో పొర్లుతారు, గుట్టెక్కి జారతారు, మళ్లీ ఎక్కుతారు. పది నిమిషాల్లో ఒళ్లు చెమట పడుతుంది. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చెమటకు తడిసిన కాటన్ బనియను ఒంటికి అంటుకుని ఉంటే పైన ఎంత ఖరీదైన జాకెట్ వేసినా ఫలితం తక్కువే. పరుగు ఆగిన క్షణం నుంచి పిల్లలు లోపలి నుంచి చల్లబడతారు. మండు వేసవికి కాటన్‌ను మించింది లేదు. ఇండియా నుంచి సూట్‌కేసు నిండా తెచ్చుకున్న ఆ మెత్తటి బనియన్లు ఇంట్లో వేయండి, నిద్రలో వేయండి. మంచులోకి పంపేటప్పుడు ఒంటిని తాకే పొర మెరినో ఉన్నిదో పాలిస్టర్‌దో అయ్యుండాలి. పాలిస్టర్ చెమటను పీల్చి పట్టుకోదు, బయటి పొరకు పంపేస్తుంది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పోగొట్టుకోదు. దాని మీద ఫ్లీస్, ఆపైన గాలినీ తడినీ ఆపే జాకెట్, స్నో ప్యాంటు. సాక్స్ కూడా కాటన్‌వి వద్దు.

ఇంట్లోంచి అడుగు పెట్టగానే పిల్లలకు కొంచెం చలి వేయాలి. వినడానికి నిర్దయగా ఉంటుంది గానీ, గుమ్మంలోనే వెచ్చగా ఉన్నారంటే గుట్ట మీద చెమటతో తడుస్తారని లెక్క. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. తడిగా తగిలితే ఒక పొర తీయండి, చల్లగా తగిలితే ఒకటి వేయండి. స్ట్రోలర్‌లో కదలకుండా కూర్చునే పసివాళ్ల సంగతి వేరు. వాళ్లకు మనకన్నా ఒక పొర ఎక్కువే కావాలి.

ఇక బడి. కిండర్‌గార్టెన్ తరగతి గదిలో పాతికమందికి అటూ ఇటూగా పిల్లలు, ఇద్దరు పెద్దలు. రిసెస్ గంట కొట్టగానే అంతమందీ స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్, టూక్, మిట్టెన్లు వేసుకుని బయటపడాలి. టీచరు ఒక్కొక్కరికీ తొడగలేరు. అందుకే సెప్టెంబరులోనే వరస నేర్పుతారు: ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, జాకెట్, టోపీ, అన్నిటికన్నా చివర మిట్టెన్లు. చేతికి మిట్టెన్ ముందే తొడిగితే జిప్పు పట్టుకోవడం కుదరదు మరి. జాకెట్‌కి ఇంకో కిటుకు ఉంది. దాన్ని నేల మీద తలకిందులుగా పరిచి, కాలర్ తన కాళ్ల వైపు ఉండేలా నిలబడి, రెండు చేతులూ జాకెట్ చేతుల్లో దూర్చి, తల మీదుగా వెనక్కి వేసుకుంటారు. మూడేళ్ల పిల్లలకు కూడా వస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది.

మన ఇళ్లలో పిల్లలకు సొంతంగా వేసుకునే అవకాశం ఇవ్వం. ఆఫీసుకు ఆలస్యమవుతోందని అమ్మో నాన్నో తొడిగేస్తారు. చలికాలం మన దగ్గర గడపడానికి వచ్చిన తాతయ్య వంగి బూట్లు వేస్తారు, అమ్మమ్మ పైదాకా జిప్పు లాగుతుంది. ప్రేమే, కాదనను. ఫలితంగా రిసెస్‌లో ఆఖరున బయటికి వచ్చేది, సగం జిప్పుతో వచ్చేది మన పిల్లలే అవుతున్నారు. జాకెట్ కొనేటప్పుడు రంగు, బ్రాండు చూసే ముందు ఆ జిప్పు పిల్లల చేతికి లొంగుతుందా అని చూడటం మేలు. నాలుగు వేళ్లూ ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి కాబట్టి గ్లవ్స్ కన్నా మిట్టెన్లు వెచ్చగానూ ఉంటాయి, తొడుక్కోవడమూ తేలిక.

అమ్మమ్మలతో ఇంకో వాదన తప్పదు. చలిగాలి తగిలితే జలుబు చేస్తుందని వాళ్ల నమ్మకం. జలుబు తెచ్చేది వైరస్. కిటికీలన్నీ మూసిన గదిలో అందరూ ఒకచోట చేరి ఉన్నప్పుడే అది హాయిగా పాకుతుంది. పిల్లల్ని చలి నుంచి కాపాడాలని వారాంతమంతా ఇంట్లో కూర్చోబెడితే జలుబు ఆగదు, ఐప్యాడ్ గంటలు మాత్రం పెరుగుతాయి.

ఎప్పుడు లోపల ఉంచాలో చెప్పే లెక్క కూడా ఉంది. ఉష్ణోగ్రత మైనస్ 25 సెల్సియస్ కన్నా దిగితే, లేదా గాలితో కలిపి లెక్కించే విండ్ చిల్ మైనస్ 28కి చేరితే పిల్లల్ని ఇంట్లో ఉంచడం మంచిదని కెనేడియన్ పీడియాట్రిక్ సొసైటీ చెబుతోంది. మైనస్ 15 చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 26 అవుతుంది. అంటే ఫోన్‌లో మొదటి అంకె చూసి ఊరుకోకూడదు. ఈ సూచీని కెనడా, అమెరికా కలిసి 2001లో సవరించాయి. దానికోసం వలంటీర్లను చల్లటి గాలి సొరంగంలో నడిపించి ముఖం ఎంత వేగంగా చల్లబడుతుందో కొలిచింది మన టొరంటోలోనే. వాళ్లంతా పెద్దవాళ్లు. బరువుతో పోలిస్తే పిల్లల చర్మం విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి వాళ్లు మనకన్నా త్వరగా వేడి కోల్పోతారు. ఆ అంకెను మీ కోసం కాక పిల్లల కోసం చదివేటప్పుడు కాస్త ముందే జాగ్రత్తపడండి.

ఫ్రాస్ట్‌బైట్ గురించి ఇక్కడి కరపత్రాల్లో చర్మం ఎర్రబడటం, పాలిపోవడం అని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. బూడిదరంగు తిరిగినట్టు, మైనం పూసినట్టు ఉందేమో చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా వేళ్లకు, చెవులకు, ముక్కుకు స్పర్శ తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే రుద్దకండి, హీటరు దగ్గర పెట్టకండి. మొద్దుబారిన చర్మం కాలినా పిల్లలకు తెలియదు. గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ముఖానికి వాజలీనో కొబ్బరి నూనో రాస్తే చర్మం పగలదు, అంతవరకే. అది ఫ్రాస్ట్‌బైట్‌ను ఆపదు. భోగినాడు తలంటు పోసుకున్న జుట్టు పూర్తిగా ఆరాకే గుమ్మం దాటనివ్వండి.

వెచ్చదనం పేరుతో ప్రమాదం తెచ్చుకోవడమూ ఉంది. మెడకు మఫ్లరు చుట్టినా, జాకెట్ టోపీకి తాళ్లున్నా అవి జారుడుబల్ల దగ్గర చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది. తల మీంచి తొడిగే నెక్ వార్మర్ వాడండి. కారు సీటులో ఉబ్బెత్తు జాకెట్‌తో బెల్టు పెడితే అది బిగినట్టు కనిపిస్తుందే తప్ప బిగదు. ప్రమాదంలో జాకెట్ అణిగిపోయి బెల్టు వదులవుతుంది. జాకెట్ తీసి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి. బూట్లు వచ్చే ఏడాదికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనకండి. బిగుతు బూట్లో రెండు జతల సాక్స్ ఇరికించడం ఇంకా చెడ్డది, రక్తం ఆడక కాళ్లు మరింత చల్లబడతాయి. లోపలి లైనర్ విడివడేదైతే రాత్రి తీసి ఆరబెట్టండి.

పండగ బట్టల సంగతికొస్తే, ఇక్కడివాళ్లు హాలోవీన్ వేషాన్ని స్నోసూట్ మీద పట్టే సైజులో కుట్టిస్తారు. మనం పట్టు పరికిణీ లోపల థర్మల్ వేయడానికి ఎందుకు మొహమాటపడతామో అర్థం కాదు. ఫోటోలో అది కనిపించదు.

ఇక ఎక్కడికి తీసుకెళ్లాలంటారా, ఒట్టావాలో రిడో కెనాల్ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి ఉంది. 2023 చలికాలంలో మంచు సరిగా గట్టిపడక అది అసలు తెరుచుకోలేదు. ఈ ఏడు తెరిస్తే హెల్మెట్ పెట్టి పిల్లల్ని తీసుకెళ్లండి. అంత దూరం వెళ్లలేకపోతే మీ వీధి చివర గుట్ట చాలు.

ఒక విన్నపం. స్నోసూట్ చవక కాదు, పైగా పిల్లలకు ఒక్క చలికాలమే పడుతుంది. జనవరిలో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో దిగే కొత్త కుటుంబాలకు మొదటి నెలలో పెట్టాల్సిన ఖర్చులు చాలా ఉంటాయి. మీ పిల్లలకు పొట్టివైపోయిన జాకెట్లు, స్నో ప్యాంట్లు, బూట్లు ఉతికి, జిప్పు పనిచేస్తుందో లేదో చూసి, సైజు రాసిన కాగితం పిన్ను పెట్టి, సంక్రాంతి సంబరాలకు తీసుకురండి. హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి ఉంచుతాం. కావలసినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, డబ్బు ఇవ్వనక్కర్లేదు, తీసుకెళ్లవచ్చు. మిట్టెన్లు జతగా ఉండేలా మాత్రం దయచేసి చూడండి.