పిల్లల చిరుతిండి: పొట్లమా, పోషణా?

"డాక్టరుగారూ, మావాడు అన్నం ముట్టడండీ, ఆకలి పుట్టే టానిక్కు ఏదైనా రాయండి" అని అడిగే తల్లులు మా సింగరాయకొండ చుట్టుపక్కల నుంచి రోజూ వస్తూనే ఉంటారు. సాయంత్రం ఏం పెట్టారమ్మా అని అడిగితే ఒక కారప్పూస పొట్లం, నాలుగు బిస్కెట్లు, అర గ్లాసు టీ అని లెక్క తేలుతుంది. ఇక రాత్రికి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి బిడ్డకు చాలాసార్లు కావలసింది టానిక్కు కాదు, చిరుతిండి మార్పు.

చిరుతిండి తప్పు కాదు. పసివాళ్ళ పొట్ట చిన్నది. పెద్దవాళ్ళలా ఒక్క పూటలో కావలసినంత తినలేరు. మూడు పూటల భోజనంతో పాటు మధ్యలో రెండుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. అది కాలక్షేపానికి కాదు, చిన్న భోజనమనే అనుకోండి.

ఎందుకింత పట్టింపు అంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. పైగా టీ, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కనుక పసివాళ్ళకు టీ, కాఫీలు వద్దే వద్దు.

ఏమి పెట్టాలి?

ఖరీదైన డబ్బాల కోసం వెతకనక్కరలేదు. మన జిల్లా నల్లరేగడిలో పండే శనగలనే తీసుకోండి. వంద గ్రాముల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నానబెట్టి గుగ్గిళ్ళు చేసి, పైన నిమ్మకాయ పిండండి. నిమ్మలోని విటమిన్ 'సి' ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. వేరుశనగల్లో మాంసకృత్తులు ఇంకాస్త ఎక్కువే. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అందుకే మన ప్రభుత్వ పాఠశాలల్లో 2020లో వేరుశనగ చిక్కీ, 2023లో రాగిజావ మొదలుపెట్టారు.

పండంటే ఆపిల్ ఒక్కటే అనుకోకండి. జామకాయలో ఉన్న విటమిన్ 'సి'లో పదో వంతైనా ఆపిల్‌లో ఉండదు. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు, ఎప్పుడూ దొరికే అరటిపండు, ఉడికించిన గుడ్డు, గ్లాసు మజ్జిగ... ఇవన్నీ మంచి చిరుతిళ్ళే. బెల్లం మంచిదని అతిగా పెట్టకండి. అదీ చక్కెర జాతిదే.

ఒక్క ముఖ్యమైన హెచ్చరిక. అయిదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగలు, శనగలు గింజలుగా పెట్టవద్దు. నవ్వుతూ, పరుగెత్తుతూ తింటే గింజ ఊపిరి గొట్టంలోకి జారి ప్రాణం మీదికి వస్తుంది. గుగ్గిళ్ళు మెత్తగా మెదిపి పెట్టండి. వేరుశనగలు మెత్తగా దంచి జావలో కలపండి. బూజు పట్టినవి, చేదెక్కినవి ఏరి పారేయండి. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండవచ్చు.

ఏమి మానాలి?

పొట్లం వెనక చిన్న అక్షరాలు చదవండి. ఏది ఎక్కువగా వేస్తే దాని పేరు ముందు రాయాలని నిబంధన. మొదటి మూడు పేర్లలో మైదా, చక్కెర, నూనె కనబడితే అది బిడ్డకు తిండి కాదు. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో నాలుగయిదు చెంచాల చక్కెర ఉంటుంది. రెండేళ్ళు నిండేదాకా చక్కెర కలిపినవి అసలు పెట్టకపోవడమే మేలు. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి వేయించే బజ్జీలు, పునుగులూ అంతే. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలు బడి ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్లలోనూ అమ్మకూడదని 2020లోనే కేంద్రం నిబంధన చేసింది. అయితే ఆ గీత దాటాక కాపలా మీదే.

సమయం కూడా ముఖ్యమే. బడి నుంచి రాగానే పెట్టండి. చిరుతిండికీ రాత్రి భోజనానికీ రెండు గంటలైనా ఎడం ఉంచండి. టీవీ, ఫోను ముందు తినిపించకండి. వద్దన్నవాడి నోట్లో కుక్కకండి.

ఇన్ని చేసినా బిడ్డ బరువు పెరగకపోయినా, పాలిపోయి ఉన్నా, మన్ను తింటున్నా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ముదిరిన రక్తహీనతకు తిండి ఒక్కటే చాలదు, మందు కూడా వాడాలి.

చివరగా నాన్నలకూ, తాతయ్యలకూ ఒక మాట. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు పిల్లల కోసం ఏదో ఒకటి తేవడం మన అలవాటు. ఆ ముచ్చట మానుకోమనను. రంగు పొట్లానికి బదులు రెండు జామకాయలు తీసుకువెళ్ళండి.