హ్యాండ్‌బ్రేక్‌తో చెలగాటం
వెనుక చక్రాలు బిగిస్తే కారు ఎవరి మాటా వినదు... చట్టం ఉన్నా చూసేవారు లేరు

నల్గొండ, మహబూబ్‌నగర్: వాలు మీద నిలిపిన కారు జారిపోకుండా పట్టి ఉంచడానికి తయారైన సాధనం హ్యాండ్‌బ్రేక్. పరుగెత్తుతున్న కారును కావాలని అడ్డంగా జార్చడానికి ఇప్పుడు దాన్నే ఆయుధంగా వాడుతున్నారు. దీనికి డ్రిఫ్టింగ్ అని పేరు. మూసి ఉంచిన మైదానంలో, శిక్షణ పొందిన చోదకుల చేతుల్లో ఇది ఆట. పాలబండ్లు, కూలీల ఆటోలు, వడ్ల లారీలు తిరిగే రోడ్డు మీద మాత్రం ప్రాణాంతకం. 2025 ఫిబ్రవరిలో శంషాబాద్ వద్ద ఔటర్ రింగ్‌రోడ్డుపై ఖరీదైన కార్లతో విన్యాసాలు చేసిన ఇద్దరు యువకులను పోలీసులు అరెస్టు చేశారు. శంషాబాద్ అంటే పాలమూరు వాసులకు పరాయి ఊరేమీ కాదు. జడ్చర్ల, షాద్‌నగర్‌ల మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఔటర్‌ను కలిసేది అక్కడే. నల్గొండ వైపు నుంచి వెళ్లే 65వ నంబరు రహదారి పెద్దఅంబర్‌పేట వద్ద కలుస్తుంది. 158 కిలోమీటర్ల ఆ వలయం మీద ఆడే ఆటలకు ఉమ్మడి రెండు జిల్లాల ప్రయాణికులూ ఎదురుపడక తప్పదు.

అసలు ఏం మారుస్తారు?

మామూలు కారులో హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను లాగితే ఒక ఇనుప కేబుల్ బిగుసుకుని వెనుక రెండు చక్రాల బ్రేకులను పట్టేస్తుంది. లివర్ అడుగున పళ్లచక్రం ఉంటుంది. లాగినప్పుడు టకటకమని శబ్దం చేసేది అదే. బటన్ నొక్కితే తప్ప లివర్ కిందికి దిగదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఈ ఏర్పాటు ఎంతో మేలు. డ్రిఫ్టింగ్ చేసేవారికి మాత్రం ఇది అడ్డంకి. వారికి చక్రాలు క్షణంపాటు బిగుసుకుని, చేయి వదలగానే వీడిపోవాలి. అందుకే మొదటి మార్పుగా లివర్ పళ్లచక్రానికి చిక్కకుండా చేస్తారు. బటన్ స్థానంలో మరో మూత బిగిస్తే ఆ పని అయిపోతుంది. చూడటానికి చిన్న మార్పే. ఆ తరువాత అలవాటు చొప్పున లివర్ లాగి కారు దిగిపోయే ఇంటి పెద్దకు మాత్రం తన బండి ఇక వాలులో నిలబడదన్న సంగతి తెలియదు.

రెండో మార్పు పెద్దది. కేబుల్‌తో పని లేకుండా, స్టీరింగ్ పక్కన పొడవాటి నిలువు లివర్ పెట్టి, దానికో ప్రత్యేక మాస్టర్ సిలిండర్ అమరుస్తారు. వెనుక బ్రేకులకు వెళ్లే ఆయిల్ గొట్టాన్ని కోసి ఈ సిలిండర్ గుండా మళ్లిస్తారు. కాలి బ్రేకు తొక్కినా ఆయిల్ ఇందులోంచే వెళ్లాలి, చేత్తో లాగినా ఇందులోంచే వెళ్లాలి. దీనినే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ అంటారు. కేబుల్ కంటే తక్కువ శ్రమతో, ఎక్కువ బలంతో చక్రాలను బిగిస్తుంది. పోటీల కార్లలో ఇది సర్వసాధారణం. ఈ సామగ్రి ఆన్‌లైన్ దుకాణాల్లో ఎవరికైనా దొరుకుతుంది. ‘ఇది పోటీలకు మాత్రమే’ అన్న గీత గీసేది కొనుగోలుదారుడి విచక్షణే.

చిక్కంతా కోసిన గొట్టం దగ్గరే ఉంది. కొత్తగా వేసిన అతుకుల్లో ఒకటి కారినా, సిలిండర్‌లోని రబ్బరు వాషర్ దెబ్బతిన్నా వెనుక బ్రేకులు మొత్తం చచ్చుబడతాయి. ఆయిల్ పీడనం గంటల తరబడి నిలకడగా ఉండదు కనుక నిలిపిన బండిని పట్టి ఉంచే పనికి హైడ్రాలిక్ లివర్‌ను నమ్మలేం. పాత కేబుల్‌ను తీసేస్తే ఆ కారుకు పార్కింగ్ బ్రేకు లేనట్టే. ఏబీఎస్ సంగతి మరీ విచిత్రం. చక్రం బిగుసుకుపోకుండా చూడటం ఏబీఎస్ పని. చక్రాన్ని బిగించడమే ఈ మార్పు లక్ష్యం. రెండూ ఒక ఒరలో ఇమడవు కాబట్టి ఏబీఎస్‌ను పనిచేయకుండా చేసేవారే ఎక్కువ. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి చేసిన రక్షణను యజమానే డబ్బిచ్చి తీయించుకోవడమన్న మాట.

రైతుకు తెలిసిన సూత్రమే

టైరుకు రోడ్డు మీద ఉండే పట్టుకు ఒక హద్దుంది. దొర్లుతున్న చక్రం ఆ పట్టులో కొంత భాగాన్ని బండి పక్కకు జారకుండా ఆపడానికి వాడుతుంది. చక్రం పూర్తిగా బిగుసుకుపోతే ఆ శక్తి పోతుంది. ముందు చక్రాలు దారిలో ఉంటాయి, వెనుక చక్రాలు మంచు మీద బండలా జారిపోతాయి. వెనుక భాగం ముందుకు రావాలని చూస్తుంది. మలుపులో ఈ జారుడును స్టీరింగ్‌తో అదుపు చేయడమే డ్రిఫ్టింగ్.

ఇందులో సగం విద్య నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో ట్రాక్టర్ నడిపే వారందరికీ తెలుసు. ట్రాక్టర్‌కు కుడి, ఎడమ వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. దమ్ము చేసేటప్పుడు మడి మూలలో ఒక వైపు పెడల్ తొక్కితే ఆ చక్రం ఆగి, రెండోది తిరిగి, బండి ఉన్నచోటే మళ్లుతుంది. పొలం దాటి రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ గొళ్లెంతో కలపాలి. కలపకుండా వేగంలో ఒక పెడల్ మీదే కాలు పడితే ట్రాక్టర్ ఒక్కసారిగా పక్కకు తిరిగి తిరగబడుతుంది. పొలంలో పనికొచ్చే పద్ధతి రోడ్డు మీద ఎందుకు పనికిరాదో ఆ చిన్న గొళ్లెమే చెబుతుంది. (గొళ్లెం ఎన్ని ట్రాక్టర్లకు సక్రమంగా ఉందన్నది వేరే కథనానికి తగిన విషయం.)

మన వద్ద తిరిగే బండ్లతో మరో సమస్య ఉంది. చిన్న కార్లలో అత్యధికం స్విఫ్ట్ వంటి ముందు చక్రాలతో నడిచేవే. ఇంజిన్ బలంతో వెనుక చక్రాలను జార్చడం వాటికి సాధ్యం కాదు. హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే దారి. లివర్ వదలగానే జారుడు ఆగిపోతుంది కనుక సినిమాల్లో చూసినట్టు మలుపంతా పొగలు కక్కుతూ సాగడం వీటితో అయ్యే పని కాదు. బొలెరో, స్కార్పియో వంటివి వెనుక చక్రాలతో నడుస్తాయి. అయితే వాటి ఎత్తు ఎక్కువ. అడ్డంగా జారుతున్న ఎత్తయిన బండి టైరు ఒక గుంతనో, డివైడర్ అంచునో తాకితే చాలు, బోల్తా పడుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. నాలుగు వరుసల రహదారిలో ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. నాలుగు మీటర్లకు కాస్త తక్కువ పొడవుండే చిన్న కారు అడ్డం తిరిగిందంటే పక్క వరుసలోకి చొచ్చుకుపోయినట్టే. వెనుక వచ్చే బస్సు డ్రైవర్‌కు ఆ విన్యాసం గురించి ముందస్తు సమాచారం ఏమీ ఉండదు కదా!

జపాన్ కొండదారుల నుంచి

హ్యాండ్‌బ్రేక్ మలుపు మొదట ర్యాలీ పోటీల్లో ఇరుకు మలుపులు తిప్పడానికి పుట్టిన మెళకువ. దాన్నొక ప్రత్యేక క్రీడగా మలచింది జపాన్. అక్కడి రేసర్ కునిమిత్సు తకాహషి చేసిన జారుడు మలుపులను చూసి, కొండదారుల్లో సాధన చేసిన కెయిచి త్సుచియా ‘డ్రిఫ్ట్ కింగ్’గా పేరు తెచ్చుకున్నారు. రహస్యంగా రోడ్ల మీద సాగిన ఆటను 2000 నాటికి డీ1 గ్రాండ్ ప్రీ పేరుతో మైదానంలోకి తెచ్చారు. 2017లో అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య టోక్యోలో తొలిసారి ఖండాంతర డ్రిఫ్టింగ్ పోటీ నిర్వహించింది. 2006లో వచ్చిన ‘టోక్యో డ్రిఫ్ట్’ హాలీవుడ్ చిత్రం మన కుర్రకారుకు ఈ మాటను పరిచయం చేసింది. రక్షణ చట్రం, హెల్మెట్, అగ్నినిరోధక దుస్తులు, పక్కన అంబులెన్స్... ఇవన్నీ ఆ క్రీడలో భాగం. సెల్‌ఫోన్ వీడియోల్లో మాత్రం పొగ, శబ్దం తప్ప ఇవేవీ కనిపించవు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళకు చెందిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను స్పష్టంగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షన్‌ను మార్చి రాసింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కారుకు కాలి బ్రేకు, పార్కింగ్ బ్రేకు అనే రెండు వ్యవస్థలు ఉండి తీరాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని మాట. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా పందేలు పెట్టినా, పాల్గొన్నా 189వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా. మైనరు నడిపితే 199ఏ సెక్షన్ తల్లిదండ్రులు లేదా యజమాని మీదికి వస్తుంది. మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. ప్రాణం పోతే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

కాగితం మీద లోటేమీ లేదు. పట్టుకునేది ఎవరన్నదే ప్రశ్న. లారీలు, బస్సులు, ఆటోలు కాలపరిమితి ప్రకారం సామర్థ్య పరీక్షకు వెళ్లాలి. సొంత కారుకు ఆ బెడద లేదు. కొన్న రోజు రిజిస్ట్రేషన్ అయితే 15 ఏళ్ల వరకు ఏ అధికారీ దాని బ్రేకులను చూడడు. రోడ్డు మీద తనిఖీ అంటే హెల్మెట్, లైసెన్సు, నంబరు ప్లేటు, మద్యం పరీక్ష. వేగాన్ని పట్టే కెమెరాకు కారు లోపలి లివర్ కనిపించదు. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ అయినా చెవికి దొరుకుతుంది కానీ, కోసిన బ్రేకు గొట్టం కంటికీ చెవికీ దొరకదు. 182ఏలోని ఆ ఉపవిభాగం యజమాని గురించి మాట్లాడుతుంది. రెండు గంటల్లో పని ముగించి డబ్బు తీసుకునే షెడ్డు ఊసు అందులో లేదు. ఇది చిన్న వెలితి కాదు. మార్పు జరిగేది అక్కడే కనుక, అడ్డుకోవాల్సిందీ అక్కడే.

ఖాళీ వెంచర్లు... నిండు రహదారులు

షాద్‌నగర్, కొత్తూరు, చౌటుప్పల్, భువనగిరి పరిసరాల్లో స్థిరాస్తి వెంచర్లు విస్తరించాయి. ఇళ్లు లేని చోట్ల కూడా నలభై, అరవై అడుగుల రోడ్లు పడ్డాయి. సాధన చేయాలనుకునే కుర్రాళ్లకు ఇవి అనువైన చోట్లుగా కనిపించడం సహజం. ప్రైవేటు స్థలంలో చట్టం వర్తించదన్న అపోహ కూడా ఉంది. ప్రజలకు ప్రవేశ హక్కున్న ఏ చోటయినా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే పనిపై న్యాయ సంహిత 125వ సెక్షన్‌కు గేటు, ప్రహరీ అడ్డురావు. పైగా ఆ రోడ్ల మీద పశువులు తిరుగుతాయి, సమీప గ్రామాల పిల్లలు సైకిళ్లు నేర్చుకుంటారు. బీమా సంగతి చాలామంది ఆలోచించరు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే సొంత కారు నష్టానికి పెట్టుకున్న క్లెయిమును కంపెనీ తిరస్కరించే అవకాశం ఉంది.

ఉమ్మడి జిల్లాలకు వేగం చేసిన గాయాలు కొత్తవి కావు. 2011 డిసెంబరులో కొల్లూరు వద్ద ఔటర్‌పై జరిగిన కారు ప్రమాదంలో నల్గొండ శాసనసభ్యుడు కోమటిరెడ్డి వెంకటరెడ్డి కుమారుడు ప్రతీక్ మరణించారు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద ట్రాక్టర్‌ను కారు ఢీకొని నందమూరి జానకిరామ్, 2018 ఆగస్టు 29న నల్గొండ సమీపాన అన్నెపర్తి వద్ద కారు బోల్తాపడి ఆయన తండ్రి హరికృష్ణ కన్నుమూశారు. ఈ ప్రమాదాలకూ హ్యాండ్‌బ్రేక్ విన్యాసాలకూ ఎలాంటి సంబంధం లేదు. ఏ మార్పూ లేని కార్లు, అనుభవం ఉన్న చోదకులు ఉన్నప్పుడే ఈ రోడ్లు ఎంత నిర్దయగా ఉంటాయో చెప్పడానికే ఈ ప్రస్తావన.

మోటారు క్రీడ మీద ఆసక్తి తప్పేమీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన 2.8 కిలోమీటర్ల దారిని మూసి ఫార్ములా-ఈ పోటీ జరిపినప్పుడు చూడటానికి జిల్లాల నుంచీ యువకులు వెళ్లారు. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. ఉమ్మడి రెండు జిల్లాల్లో ఎక్కడా రేసింగ్ ట్రాక్ లేదు. చెన్నై శివారు ఇరుంగట్టుకోటలోని ట్రాక్‌కు వెళ్లాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అంత ఖర్చు భరించగలిగేవారు కొద్దిమందే. తక్కువ వేగంలో, తడి నేల మీద, శిక్షకుడి పర్యవేక్షణలో కారు జారితే ఏం చేయాలో నేర్పే చిన్న మైదానాన్ని ఉమ్మడి జిల్లాకు ఒకటి ఏర్పాటు చేయడం రవాణా శాఖకు అసాధ్యమేమీ కాదు. వానాకాలంలో బ్రేకు పడగానే జారే బండిని అదుపు చేయడం సాధారణ డ్రైవర్‌కూ అవసరమైన విద్యే. అప్పటిదాకా వేలం ద్వారా పాత కారు కొనేవారు, కుమారుడి కారు నడిపే తండ్రులు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, సమతల నేలపై, లివర్ పైకి లాగి చేయి వదలాలి. అది తనంతట తాను కిందికి పడిపోతే ఆ కారును మెకానిక్‌కు చూపించకుండా రోడ్డెక్కించకూడదు.