గోదాము నిండకముందే చూసుకోవాలి

2025 అక్టోబరు 28న మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజి ఉదయం 9 గంటలకు తెరుచుకోలేదు. బంగారం, వెండి, ముడిచమురు బేరాలు మధ్యాహ్నం 1.25కి గాని మొదలు కాలేదు. అదీ ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి. అంతవరకు పొజిషన్లున్న వర్తకులు చేతులు కట్టుకు కూర్చోవలసి వచ్చింది. ఖాతాదారుల కోడుల వంటి వివరాలకు ముందే పెట్టిన పరిమితి దాటడమే కారణమని ఎక్స్ఛేంజి తెలిపింది.

విపత్తును 30 నిమిషాల్లో ప్రకటించి, ఆపై 45 నిమిషాల్లో పని పునరుద్ధరించాలని సెబీ 2021లోనే నిర్దేశించింది. నియమం ఉంది, రెండో కేంద్రం ఉంది. అయినా నాలుగు గంటలకు పైగా పోయాయి. తప్పు యంత్రం మీదికి నెట్టడం సులువు. పరిమితి పెట్టినదీ, దానిపై కన్నేసి ఉంచవలసినదీ మనుషులే.

మన కొట్లకూ ఇది వర్తిస్తుంది. గోదాములో ఎన్ని బస్తాలు పడతాయో ప్రతి వర్తకుడికీ తెలుసు. కంప్యూటరులో ఎంత పడుతుందో, నకలు నుంచి ఖాతాలు తిరిగి తెరుచుకుంటాయో లేదో ఎందరికి తెలుసు? బాధ్యుడెవరో పేరు రాసి పెట్టాలి. నెలకొకసారి, బేరాలు మందకొడిగా ఉన్న రోజున, నకలుతోనే పని నడిపి చూడాలి. చిట్టా, ఆవర్జాలను పూర్తిగా గుమాస్తాకు వదిలేసిన వర్తకుడు బాగుపడలేదు; కంప్యూటరు విషయంలోనూ అంతే.