అలసట అవిశ్వాసం కాదు

ఆదివారం ఆరాధన మొదలై అరగంటయ్యాక చంకలో పాప, చేతిలో బైబిలు సంచి, కొంగు పట్టుకుని పెద్దోడు... ఇలా గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తల్లిని కేసముద్రంలోనే కాదు, ఏ ఊరి చర్చిలోనైనా చూస్తాం. వాక్యం మొదలయ్యేసరికి పాప ఏడుపు లంకించుకుంటుంది. మళ్లీ లేచి బయటికి! పాపకు పాలిస్తూ మైకులో వినిపించినంత వింటుంది. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే కునుకు పడుతుంది. ఇంటికెళ్లాక ఒకటే దిగులు, 'నాకు భక్తి తగ్గిపోతోందేమో' అని.

భక్తి తగ్గలేదమ్మా, నిద్ర తగ్గింది. రెండూ ఒకటి కావు.

మక్కచేనుకు పోయే తల్లయినా, పొద్దున్నే రైలెక్కి వరంగల్‌లో ఉద్యోగానికి పోయే తల్లయినా, 'ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా' అనిపించుకునే తల్లయినా రాత్రి రెండింటికి పాప లేస్తే లేవాల్సిందే. అలాంటి మనిషికి 'ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యి, ఉపవాసముండు' అని చెబితే అది ఓదార్పు కాదు, నెత్తిన మరో బిందె.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా కథ ఒకసారి చదవండి. అంతటి ప్రవక్త అడవిలో చెట్టుకింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకోమని దేవుణ్ని వేడుకున్నాడు. దేవుడు కోప్పడలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు ఏలీయా. రెండోసారీ తిండే పెట్టాడు దూత, ముందున్న ప్రయాణం చాలా దూరమని చెబుతూ. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. ముందు తిండి, నిద్ర. పిమ్మటే ఉపదేశం!

ఈ సంగతి తెలిసిన ఒక తల్లి ఇంగ్లండులో ఉండేది. పేరు మేరీ సమ్నర్, ఓ పాస్టరుగారి భార్య. కూతురికి బిడ్డ పుట్టినప్పుడు, తొలి కాన్పు తర్వాత తాను ఎంత బెంబేలెత్తిపోయిందో ఆమెకు గుర్తొచ్చింది. 1876లో ఊళ్లోని తల్లుల్ని, ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ, ఒక్కచోట పిలిచింది. తీరా అందరూ వచ్చాక నోరు పెగల్లేదు! వచ్చేవారం రమ్మని పంపేసింది. ఆ వారం మాట్లాడింది. అలా మొదలైందే 'మదర్స్ యూనియన్'. తల్లుల సంఘం పుట్టింది ఒక తల్లి బెదురులోంచి, గొప్ప ప్రసంగంలోంచి కాదు.

మన కేసముద్రం నుంచి మహబూబాబాద్ దాటి అదే రైలు మార్గంలో పోతే డోర్నకల్ వస్తుంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అజరయ్య గారు 1912 నుంచి 1945లో కన్నుమూసే దాకా సేవ చేసిన చోటు అది. ఆయన భార్య అన్బు గారు కూడా పిల్లల్ని పెంచుకుంటూనే పల్లె స్త్రీల మధ్య పనిచేశారు. అంటే తల్లులు ఒకరికొకరు తోడు కూర్చోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. మన స్త్రీల కూడికల్లో పాటలు, వాక్యం, చందాల లెక్కలతో పాటు 'రాత్రి నిద్ర పోయావామ్మా?' అనే ప్రశ్న కూడా ఉండాలి.

పెద్ద పనులేమీ అక్కర్లేదు. చర్చిలో పసిపిల్లల తల్లులకు ఓ మూల ఒక చాప, ఒక ఉయ్యాల. వంతులవారీగా పిల్లల్ని ఎత్తుకునే నలుగురు అత్తమ్మలు. బాలింత ఇంటికి ప్రార్థనకు వెళ్లేవాళ్ల చేతిలో ఒక కూరగిన్నె. ఇంట్లో మగవాళ్లకూ ఒక మాట: కుటుంబ ప్రార్థన నడిపించడమే కాదు, పాప గుడ్డలు ఉతకడం కూడా భక్తే.

ఒక్క జాగ్రత్త. కాన్పయ్యాక రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది వట్టి అలసట కాదు. అలాంటప్పుడు వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే వైద్యుణ్నీ ఇచ్చాడు.

వచ్చే ఆదివారం గుమ్మం దగ్గర ఆ తల్లి కనిపిస్తే 'ఇంత ఆలస్యమా?' అనకండి. చేతులు చాచి 'పాపనిటివ్వమ్మా, నువ్వు కాసేపు కూర్చో' అనండి. ఆ వారానికి ఆమెకు అందే వాక్యం అదే.